చూద్దామని తెరిచిన ఫైలు

పిచ్చుక అసలు పేరు ఆఫీసులో ఎవరి నోటా రాదు. పెళ్లయిన కొత్తలో ఆడపడుచు పెట్టిన పేరది. కుర్చీలో కూర్చున్నా కాలు నేలమీద నిలవదు, మాట మధ్యలో లేచి కిటికీ దాకా వెళ్లి వస్తుంది, భోజనం చేస్తూ ఏదో గుర్తొచ్చి ఎడంచేత్తో ఫోను వెతుక్కుంటుంది. "మీ ఆవిడని ఒక్కచోట కూర్చోబెట్టాలంటే కట్టెయ్యాలిరా తమ్ముడూ" అని ఆడపడుచు అంటే ఇల్లంతా నవ్వింది, పేరు నిలిచిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆ ఆడపడుచే తన కంపెనీలో ఉద్యోగం ఇప్పించింది. మనిషితోపాటు పేరూ వచ్చి ఆఫీసులో చేరింది.

భర్తకు అక్క కాబట్టి ఇంట్లో ఆవిడ వదిన. టీముకు లీడరు కాబట్టి ఆఫీసులో మేడమ్. వదిన కంప్యూటరు చూస్తే కడిగిన పలకలా ఉండేది. ప్రోగ్రాములు రాసే ఎడిటర్లో ఒక ఫైలు, మహా అయితే రెండు. పని అయిపోయిందంటే అక్కడికక్కడే మూసేస్తుంది. తిన్న కంచం వెంటనే కడిగి బోర్లించే రకం.

పిచ్చుకది అలా కాదు. ఆమె ఎడిటర్లో తెరిచిన ఫైళ్ల ట్యాబులు ఈ కొస నుంచి ఆ కొసకు కిక్కిరిసి ఉండేవి. ఒక్కోటీ సన్నబడి సన్నబడి, ఫైలు పేరులో మొదటి రెండక్షరాలు కూడా పట్టనంత ఇరుకైపోయాయి. "ఇది ఎడిటరా, సినిమా వదిలాక గేటు దగ్గర జనమా?" అనేవాడు పక్క సీటాయన. వదిన రెండు మూడుసార్లు మెల్లగా చెప్పింది, పని లేనివి మూసెయ్యమ్మా, కావాల్సినవి మాత్రం కదలకుండా పిన్ను చేసి పెట్టుకో అని. పిచ్చుక తలూపేది. వదిన అటు వెళ్లగానే ఇంకో రెండు తెరిచేది.

అందరూ దాన్ని అలవాటనుకున్నారు గాని నిజానికి అది భయం. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి, వాళ్లు బడిలో కుదురుకునేదాకా ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి పనిముట్లన్నీ మారిపోయాయి. మిగతావాళ్లు ఫైలు పేరులో నాలుగక్షరాలు టకటకా కొట్టి రెప్పపాటులో తెరిచేస్తున్నారు. ఆమెకు ఆ పేర్లు ఎంతకీ బుర్రకెక్కలేదు. అంతకుముందు ఆ పని చూసినాయన వేరే కంపెనీకి వెళ్లిపోతూ, హడావుడిగా ఫైళ్లన్నీ వరసగా తెరిచి, ఇది ఇందుకూ ఇది ఇందుకూ అని అప్పజెప్పి తప్పుకున్నాడు. ఆయన తెరిచిన ఆ ఫైళ్లను ఆమె మూయలేదు. ఎడమ కొసన పేషెంట్ల వివరాలు, కాస్త ఇవతల బెడ్ల కేటాయింపు, ఆ తర్వాత మెసేజీలు, ఇలా చోటును బట్టి గుర్తుపట్టేది. ఒక్కటి మూస్తే మిగిలినవన్నీ జరుగుతాయి. జరిగితే తనే తప్పిపోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వదినకు అసలే చెప్పలేదు. "మా తమ్ముడి భార్య అని చెప్పడం లేదు, పని తెలిసిన మనిషని చెబుతున్నా" అని కంపెనీలో ఆమెకు పూచీ పడింది వదినే మరి.

వాళ్ల టీము ఒక డయాలసిస్ సెంటరుకు సాఫ్ట్‌వేర్ నడిపేది. కిడ్నీలు పనిచెయ్యని వాళ్లు రోజు విడిచి రోజు అక్కడికి వచ్చి, మిషను పక్కన గంటల తరబడి పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. మర్నాడు ఎవరు ఏ పూట రావాలో ముందురోజు వాళ్ల ఫోనుకు మెసేజి వెళుతుంది. ఆ మెసేజీల ప్రోగ్రాము పిచ్చుక చూసుకునేది. అది రెండుచోట్ల ఉండేది. ఒకటి పరీక్షలకు, అందులో ఉత్తుత్తి పేషెంట్లు, ఆఫీసువాళ్ల ఫోను నంబర్లు. రెండోది అసలుది, సెంటరులో రోజూ నడిచేది. రెండింట్లోనూ సెట్టింగుల ఫైలు పేరు ఒక్కటే.

మెసేజీలో సెంటరు ఫోను నంబరు సరిగా పడుతోందా అని ఒకరోజు అక్కడి హెడ్ నర్సు అడిగింది. చూద్దామని పిచ్చుక సెంటరులో నడిచే అసలు కంప్యూటరుకు కనెక్టయి ఆ ఫైలు తెరిచింది, అది పరీక్షల ఫైలు పక్కనే వచ్చి చేరింది. నంబరు సరిగానే ఉంది. చూడ్డం అయిపోయింది, మూసెయ్యాలి. మూయలేదు.

మర్నాడు పొద్దున ఆమెకు అప్పజెప్పిన పని చిన్నదే. అపాయింట్‌మెంటు రద్దయినప్పుడు వెళ్లే మెసేజిని పరీక్షించాలి. పరీక్షల సెట్టింగుల్లో ఒక్క మాట మార్చి సేవ్ చేస్తే ఆఫీసు ఫోన్లన్నీ కుయ్యిమంటాయి. ఆ పనిలో ఉండగానే పెద్దాడి బడి నుంచి ఫోను, వాడు కళ్లజోడు విరగ్గొట్టుకున్నాడని. దాని మీద భర్తకు ఫోను. అంతలో పక్క సీటాయన ఏదో అడిగితే వెళ్లి చూసి రావడం. వచ్చి, నిలబడే మౌసు పట్టుకుని, పరీక్షల ఫైలు ఉండాల్సిన చోట నొక్కింది. మాట మార్చింది. సేవ్ కొట్టింది.

ఒక్క ఫోనూ మోగలేదు. నెట్‌వర్కు నెమ్మదిగా ఉందేమో అనుకుని టీ తెచ్చుకోవడానికి వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేసరికి వదిన ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. వింటోంది. వింటూ వింటూ పిచ్చుక వైపు తిరిగింది. ఆ చూపుకే ఆమె కప్పు బల్లమీద పెట్టేసింది.

రేపు రావాల్సిన వాళ్లందరికీ డయాలసిస్ రద్దయిందని మెసేజి వెళ్లిందట. సెంటరులో ఫోన్లు ఆగడం లేదట. రద్దయితే మా గతేమిటని కొందరు ఏడుస్తున్నారట. హెడ్ నర్సును ఫోను చెయ్యనివాళ్ల సంగతే ఎక్కువ భయపెడుతోంది. నిజమని నమ్మి ఇంట్లో ఉండిపోతే, ఒంట్లో నీరు చేరి ప్రాణాలమీదికొస్తుంది.

పిచ్చుక కుర్చీలో కూలబడి ఆ ట్యాబు మీద మౌసు ఉంచింది. ఫైలు ఎక్కడిదో చెప్పే చిన్న అక్షరాల వరస కనిపించింది. అసలు కంప్యూటరు.

"వదినా, నేనే. నిన్న తెరిచి వదిలేశాను. రెండూ ఒకే పేరు."

ఆఫీసులో ఆమె వదినా అని పిలవడం అదే మొదటిసారి. వదిన కేకలెయ్యలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ముందు ఆ మాట సరిచెయ్యమంది. పిచ్చుక రెండుసార్లు తప్పు కొట్టేసరికి తనే కీబోర్డు తన వైపు జరుపుకుంది. మెసేజి పొరపాటున వచ్చిందనీ, రేపు మామూలుగానే రావాలనీ అందరికీ మళ్లీ పంపింది. ఆ తర్వాత, మెసేజి చదివారో లేదో మనకెలా తెలుస్తుంది, ఒక్కొక్కరికీ ఫోను చేద్దాం అంది.

చెరిసగం పంచుకుని మొదలుపెట్టారు. పిచ్చుక కూర్చోలేకపోయింది. ఫోను పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే మాట్లాడింది. కొందరు తిట్టారు. ఒకావిడ తిట్టదలుచుకున్నవన్నీ తిట్టి, చివర్లో, నీ గొంతు వణుకుతోంది, కాస్త మంచినీళ్లు తాగమ్మా అంది. ఒకాయన కొడుకు అప్పటికే ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తూ దారి మధ్యలో ఉన్నాడు, వెనక్కి తిప్పాడు. ఒక్కరొక్కరే తేలుతూ వచ్చారు. మధ్యాహ్నం దాటేసరికి ఒక్కాయన మిగిలాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. భార్య లేదు, పిల్లలు లేరు, ఒంటరి మనిషి. ఎన్నిసార్లు చేసినా ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు.

హెడ్ నర్సు ఇంటి అడ్రసు ఇచ్చింది. ఎవరినైనా పంపుదామంది వదిన.

"నేను వెళ్తాను వదినా. ఇక్కడ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

టాక్సీలో ఆమె ముళ్లమీద కూర్చున్నట్టే కూర్చుంది. ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా డ్రైవరు మెడ మీదుగా తొంగిచూసింది. ఆయన విసుక్కోలేదు గాని, లైటు నా చేతిలో లేదమ్మా అని మాత్రం అన్నాడు.

ఆ ఇల్లు ఒక ఇరుకు వీధిలో, బట్టలు కుట్టే దుకాణం మీద. పక్కనుంచి ఇనుప మెట్లు. పైకి పరిగెత్తి తలుపు కొట్టింది. పలుకు లేదు. నంబరు నొక్కింది. తలుపు అవతల ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మనిషి లోపలే పడి ఉన్నాడా? కిటికీకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే మంచం, మంచం మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద వెలుగుతూ ఫోను. గుమ్మానికి తాళం ఉందన్న సంగతి ఆ తర్వాత గాని కంటపడలేదు.

కింద దుకాణంలో కుట్టుమిషను ముందున్నావిడ ఈ హడావుడంతా చూసి బయటికొచ్చింది. మాస్టారు లేరమ్మా, ఊరెళ్లారు అని చెప్పింది. పొద్దున ఏదో మెసేజి వచ్చిందట, రేపు ఆస్పత్రికి రానక్కర్లేదని. వెంటనే పెళ్లికొడుకులా తయారై దిగారట. తమ్ముణ్ణి చూసి ఏడాది దాటింది, ఇవాళ వెళ్లి ఎల్లుండి వచ్చేస్తానన్నారట. ఫోను మరిచిపోయినట్టున్నారు, ఆ సంబరంలో ఏం గుర్తుంటుంది అని నవ్వింది.

ఏ ఊరు, ఏ బస్సు అని పిచ్చుక అడిగింది. ఊరి పేరు తెలుసు గాని బస్సు సంగతి తెలియదు. కాని ఆయన బయలుదేరి ఎంతోసేపు కాలేదట. చొక్కా బొత్తాం ఊడితే ఇక్కడే కుట్టించుకుని, మధ్యాహ్నం దాకా కబుర్లు చెబుతూ కూర్చున్నారు అందావిడ. నీలం చొక్కా, మెడలో మఫ్లరు, భుజాన నల్ల సంచి.

బస్టాండులో జనం తెరలు తెరలుగా ఉన్నారు. ఆ ఊరి బస్సు ఎక్కడాగుతుందో అడిగితే ఒకడు ఇటు చూపించాడు, ఇంకొకడు అటు చూపించాడు. పిచ్చుక ఒక కొస నుంచి ఇంకో కొసకు పరిగెత్తుతూ కిటికీల్లోకి తొంగిచూసింది. నీలం చొక్కాలు ఇన్ని ఉంటాయని ఆమెకు ఎప్పుడూ తెలియదు. ఇంజను వేసి ఉన్న ఒక బస్సులో, డ్రైవరు వెనక సీటులో, ఒళ్లో నల్ల సంచి పెట్టుకుని కూర్చున్నాయన కనిపించాడు. మొహం కాస్త ఉబ్బి ఉంది. ఎడమ ముంజేతి మీద డయాలసిస్ సూదులకు తాళ్లలా లేచిన నరాలు.

"డ్రాయింగు మాస్టారేనా మీరు?"

"అవునమ్మా. నువ్వు నా దగ్గర చదువుకున్నావా?"

కాదని చెప్పి, ఎవరో చెప్పి, జరిగింది చెప్పింది. పొరపాటు తనదేననీ, డయాలసిస్ రద్దు కాలేదనీ, రేపు పొద్దున రావాలనీ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మాస్టారు శ్రద్ధగా విన్నాడు. విన్నాక సంచీని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

"అమ్మాయ్, రోజు విడిచి రోజు ఆ మంచం మీద పడుకుంటున్నాను. మధ్యలో రోజు నీరసంతో ఎటూ కదల్లేను. నాకు సెలవన్నదే లేదు. ఇవాళ పొద్దున మొదటిసారి ఇచ్చారు. ఇచ్చి, బస్సెక్కాక లాక్కుంటావా?"

ఉదయం నుంచి అందరికీ చెప్పిన క్షమాపణ ఈయన దగ్గర చెల్లలేదు. మిగతావాళ్లను భయపెట్టింది, ఈయన్ను సంతోషపెట్టింది. ఆ సంతోషం లాక్కోవడానికి ఇంత దూరం పరిగెత్తుకొచ్చింది.

కండక్టరు టికెట్లు చూసుకుంటూ దగ్గరికొచ్చాడు. ఒక్క నిమిషం ఆపమని బతిమాలి ఆమె హెడ్ నర్సుకు ఫోను చేసింది. ఆయన్ను దింపేశావా అని నర్సు అడిగింది. పిచ్చుక ఆ మాటకు జవాబు చెప్పకుండా, రేపు పొద్దునకు బదులు సాయంత్రం ఏదైనా బెడ్డు ఖాళీ ఉందా అని అడిగింది. అవతల కాసేపు కాగితాల చప్పుడు, తర్వాత నర్సు గొంతు. సాయంత్రం ఒకటి ఉందట. ఫోను ఆయనకిమ్మంది. ఆయాసం వస్తోందా, కాళ్లు వాచాయా, పడుకుంటే ఊపిరి అందుతోందా, అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. తమ్ముడి ఇంట్లో మర్యాదకని గ్లాసుల మీద గ్లాసులు నీళ్లు తాగారంటే ఊరుకోనని గట్టిగా చెప్పింది. రేపు సాయంత్రం దాటి ఒక్క పూట కూడా ఆగడానికి వీల్లేదని ఒప్పించుకుంది. ఏమాత్రం ఆయాసం అనిపించినా అక్కడే ఆస్పత్రికి వెళ్లాలని కూడా చెప్పింది.

మాస్టారు ఫోను తిరిగి ఇచ్చి, తమ్ముడి నంబరు నోటితో చెప్పాడు. బస్సు కదులుతుంటే పిచ్చుక దిగి, ఆ నంబరుకు ఫోను చేసింది. తమ్ముడి భార్య ఎత్తింది. బావగారు వస్తున్నారనగానే ఆవిడ లోపలికి ఎవరినో కేకేసింది. రేపు మధ్యాహ్నం బస్సెక్కించే పూచీ నాదే అని ఆవిడ రెండుసార్లు చెప్పాక గాని పిచ్చుక ఫోను పెట్టలేదు.

ఆఫీసుకు వచ్చేసరికి పక్క సీటాయనతో సహా అందరూ వెళ్లిపోతున్నారు. వదిన మాత్రం పిచ్చుక కుర్చీలోనే కూర్చుని ఆమె ఎడిటరు చూస్తోంది. అసలు కంప్యూటరులో ఫైళ్లను ఇక చదవడమే గాని మార్చడానికి వీల్లేకుండా తాళం వేయించానంది. అది ఎప్పుడో చెయ్యాల్సింది, చెయ్యకపోవడం నా తప్పు, పైవాళ్లకూ అదే రాసి పంపాను అంది. ఆ తర్వాత స్క్రీను వైపు చూపించింది.

"ఇన్ని ఎందుకమ్మా? నిజం చెప్పు."

నిజం చెప్పడానికి పిచ్చుక కిటికీ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది. ఫైళ్ల పేర్లు గుర్తుండవనీ, చోటును బట్టి వెతుక్కుంటాననీ, ఒక్కటి మూసినా దారి తప్పుతాననీ చెప్పింది. చెబుతుంటే తన చెవులకే అది చిన్నపిల్లల మాటలా వినిపించింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నీకెలా చెప్పను వదినా? పని తెలిసిన మనిషని తెచ్చింది నువ్వే. సాయంత్రం ఇంట్లో మీ అమ్మ ముందు కూర్చుని నీ మొహం ఎలా చూడను?"

వదిన మొహంలో ఏదో కదిలింది, కోపమో నొప్పో తేల్చుకోలేకపోయింది పిచ్చుక. "ఇంట్లో నిన్ను మెచ్చుకుంటూ నేను మాట్లాడిన మాటలన్నీ నీకు బరువైపోయాయన్నమాట" అంది వదిన.

ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కో ట్యాబే చూశారు. ఇది ఎందుకు తెరిచావు అని వదిన అడగడం, పిచ్చుక చెప్పడం. సగానికి పైగా ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియలేదు. ఒక ఫైలునైతే ఏనాడో చెరిపేశారు, ట్యాబు మాత్రం గీత కొట్టిన పేరుతో మిగిలి ఉంది. స్క్రీను మీద అసలుకూ పరీక్షకూ వేరువేరు కిటికీలు, అసలుదానికి ఎర్ర అంచు పెట్టారు. రోజూ కావాల్సినవి కొన్ని పిన్ను చేశారు. మూసినవాటిని తిరిగి తెరిచే మీటలు వదిన రెండుసార్లు నొక్కి చూపించింది. మిగిలినవన్నీ ఒక్కసారి మూసెయ్యమంటే పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. వదిన తొందరపెట్టలేదు. చివరికి కళ్లు మూసుకుని నొక్కింది. కళ్లు తెరిచాక పైన వరస పలచబడి, ఎవరో సామాను ఖాళీ చేసిన గదిలా ఉంది. హాయిగా ఏమీ అనిపించలేదు.

మర్నాడంతా ఆమె ఫైళ్లను పేరుతో వెతకడానికి తంటాలుపడింది. ఒక పేరు మూడు రకాలుగా కొట్టి చూసి, రాక, పక్క సీటాయన్ని అడిగేసింది. ఆయన నవ్వకుండా చెప్పాడు. మధ్యాహ్నం తమ్ముడి భార్య ఫోను చేసి, బావగారిని బస్సెక్కించామంది. సాయంత్రం ఆఫీసు నుంచి పిచ్చుక సరాసరి సెంటరుకు వెళ్లింది. రమ్మని ఎవరూ అనలేదు, ఉండబట్టలేక వెళ్లింది.

మాస్టారు రాలేదు. బస్సు రావాల్సిన వేళ దాటింది. పిచ్చుక వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన, నిన్ను చూస్తుంటే నా తల తిరుగుతోంది, కాస్త కూర్చో తల్లీ అన్నాడు. కూర్చుంది, లేచింది. వదిన ఫోను చేసి వచ్చాడా అని అడిగింది. ఇంకా లేదంది. హెడ్ నర్సు రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి చూసి లోపలికి పోయింది.

చీకటి పడబోతుండగా గేటు దగ్గర నీలం చొక్కా కనిపించింది. దారిలో టైరు పంక్చరైందట. నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగడుగులు వేస్తున్నాడు. పిచ్చుక ఎదురెళ్లి సంచి అందుకుంది. లోపల ఆయన బరువు చూసి నర్సు పళ్లు కొరికింది. ఈ నీళ్లన్నీ ఎక్కడివి మాస్టారూ అని నిలదీసింది. మా తమ్ముడి మనవరాలు స్వయంగా తెచ్చిచ్చిన ఒక్క గ్లాసే అని ఆయన ఒప్పుకున్నాడు.

చేతికి సూదులు గుచ్చి మిషను నడిపించాక, ఆయన పిచ్చుకను దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, మళ్లీ ఎప్పుడు రద్దుచేస్తావు?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. నర్సు దగ్గరికి వెళ్లి, ఇలా పూట మార్చుకోవచ్చని మిగతావాళ్లకు తెలుసా అని అడిగింది. అడిగినవాళ్లకు చేస్తాం, ఎవరూ అడగరు అంది నర్సు. అందరికీ చెప్పావంటే నా ప్రాణం తీస్తారని కసురుకుంటూ వెళ్లి ఇంకో మిషను చూసొచ్చింది. వచ్చి, చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అంది, "బుధవారం సాయంత్రాలు రెండు బెడ్లు ఊరికే ఉంటున్నాయి. రేపు మీ మేడమ్‌ను తీసుకుని రా, మాట్లాడదాం."